నాన్నగారి సర్పి గురించి చలపతికి

విశాఖపట్నం

ప్రియమైన చలపతికి,

నీ ఉత్తరం అందింది. నాన్నగారికి నడుము ఎడమ పక్కన సర్పి లేచిందనీ, డాక్టరుగారు అది చిన్ననాటి ఆటలమ్మేనని చెప్పారనీ, డెబ్బై ఏళ్ల కిందట వచ్చి పోయిన జబ్బు ఇప్పుడెలా తిరిగొస్తుందనీ కాస్త కోపంగానే అడిగావు. ఆయన చెప్పినది అక్షరాలా నిజం. ఆటలమ్మ తగ్గిందంటే పొక్కులు మానాయనే గాని, వైరస్ ఒంట్లోంచి వెళ్లిపోయిందని కాదు. అది చర్మం నుంచి నరాల వెంబడి పాకి, వెన్నెముకను ఆనుకుని ఉన్న నాడీకణాల ముడుల్లోకి చేరి, అక్కడ తన జన్యుపదార్థాన్ని మాత్రం దాచుకుని, మిగిలిన పనులన్నీ దాదాపుగా మానేసి ఊరుకుంటుంది.

ఆ ఊరుకోవడంలోనే ఉంది దాని తెలివంతా. రోగనిరోధక వ్యవస్థ ఒక కణంలో వైరస్ ఉందని గుర్తుపట్టేది, ఆ వైరస్ తయారుచేసే ప్రొటీన్ల ముక్కలు కణం పైభాగాన కనిపించినప్పుడే. ఏదీ తయారుచేయని వైరస్‌ను పట్టించే ఆనవాలంటూ ఏముంటుంది? పైగా అది ఎంచుకున్న చోటు చూడు. నాడీకణం విభజన చెందదు, మనిషి ఉన్నంతకాలం ఉంటుంది, దాన్ని చంపితే కొత్తది పుట్టదు గనుక మన రక్షణ కణాలు కూడా అక్కడ ఆచితూచి నడుస్తాయి. వయసుతో టీ కణాలనే ఆ రక్షణ కణాల నిఘా సడలినప్పుడు వైరస్ మేల్కొని, వెళ్లిన దారినే తిరిగి చర్మానికి దిగుతుంది. సర్పి నడుమును పూర్తిగా చుట్టుకుని తలా తోకా కలిస్తే ప్రాణం మీదికి వస్తుందని మీ అమ్మగారు భయపడుతున్నారన్నావు. ఏ ముడిలో వైరస్ మేల్కొందో ఆ ముడి నుంచి బయలుదేరిన నరం పరచుకున్న మేరకే పొక్కులు లేస్తాయి, ఆ నరం ఒంటికి ఒక పక్కకే పరిమితం. కాబట్టి అవి మధ్యగీత దాకా వచ్చి ఆగడమే సహజమని ఆవిడకు చెప్పు.

ఈ సంగతిని నిలబెట్టినవారిలో నాకు బాగా నచ్చే మనిషి ఎడ్గర్ హోప్-సింప్సన్. ఇంగ్లండులోని సిరెన్సెస్టర్ అనే చిన్న ఊళ్లో రోజువారీ వైద్యం చేసుకునే ఈయన, పదహారేళ్లపాటు తన రోగుల వివరాలు రాసిపెట్టుకుని, సర్పి ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదనీ, ఎవరి ఒంట్లో దాగిన వైరస్ వారికే తిరిగి లేస్తుందనీ 1965లో వాదించాడు. పెద్ద ప్రయోగశాల అవసరం లేకుండా ఓపికతోనే ఇంత చేయవచ్చునన్నది నాకెప్పుడూ ఆశ్చర్యమే. ఇలా దాగి ఉండటం వల్ల వైరస్‌కు ఒరిగేదేమిటో కూడా దీన్నిబట్టే అర్థమవుతుంది. తట్టు వైరస్ సాధారణంగా ఇలా దాక్కోదు, అందుకే కొన్ని లక్షల జనాభా లేని దీవుల్లో అంటుకోవడానికి కొత్త పిల్లలు దొరకక దానంతటదే ఆగిపోతుంది. ఆటలమ్మ వైరస్‌కు ఆ బెంగ లేదు: తాతకు సర్పి లేస్తే, ఆ పొక్కుల నుంచి వైరస్ అంటుకుని మనవడికి సర్పి కాదు గాని ఆటలమ్మ పోయవచ్చు.

అన్నట్టు, మీ అమ్మాయికి ఏడో నెల అన్నావు కదా. చిన్నప్పుడు తనకు ఆటలమ్మ పోసిందో లేదో, టీకా వేయించారో లేదో గుర్తుచేసుకో. రెండూ కాకపోతే, తాతగారి పొక్కులు ఎండి పెచ్చు కట్టేదాకా దూరంగా ఉండమని చెప్పి, డాక్టరు చెవిన కూడా వేయి. పొక్కుల్లోని నీటిలో వైరస్ ఉంటుంది.

డాక్టరుగారు ఇచ్చిన మాత్రలతో ఈ వైరస్‌ను సమూలంగా వదిలించవచ్చా అంటే, వీలుకాదు. మన ఫిషింగ్ హార్బరులో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధ కాలంలో మరబోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. అప్పుడు సముద్రమంతా గాలించినా ఒక్క బోటూ దొరకదు, అంతమాత్రాన బోట్లు లేవని కాదు. అసైక్లోవిర్ వంటి మందు సముద్రంలోకి వచ్చిన బోటునే పట్టగలదు, అంటే వైరస్ తన జన్యుపదార్థానికి నకళ్లు తీస్తున్నప్పుడే అడ్డుపడగలదు. అందుకే పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెట్టమంటారు.

హెచ్‌ఐవీ విషయంలోనూ చిక్కు ఇదే. అది తన జన్యువులను ఏకంగా మన టీ కణాల డీఎన్‌ఏలోనే కలిపేస్తుంది. మందులు వాడుతూ, రక్తపరీక్షలో వైరస్ కనిపించని వారిలో కూడా, విశ్రాంతిగా ఉన్న టీ కణాల్లో అది పదిలంగా ఉందని 1997లో తేలింది. ఆ నిల్వ సగానికి తగ్గడానికే సుమారు 44 నెలలు పడుతుందనీ, మందులతో పూర్తిగా ఖాళీ చేయాలంటే 70 ఏళ్లు దాటుతుందనీ తర్వాత లెక్కగట్టారు. ఇక్కడి పెద్దాసుపత్రి కేజీహెచ్‌లోనైనా, మరెక్కడైనా హెచ్‌ఐవీని అణిచి ఉంచే ఏఆర్‌టీ మందులు జీవితాంతం మానవద్దని చెప్పేది ఇందుకే. మానితే సాధారణంగా కొన్ని వారాల్లోనే వైరస్ తిరిగి పైకి వస్తుంది.

దీనికి పూర్తిగా విరుద్ధమైనది హెపటైటిస్ సి. అది నిద్రపోదు, ఏళ్ల తరబడి కాలేయంలో పనిచేస్తూనే, రోగనిరోధక వ్యవస్థకు చిక్కకుండా తన పైపొరను మార్చుకుంటూ బతుకుతుంది. చూడటానికి ఇదే గడుసుదిలా ఉంటుంది గాని, ఎప్పుడూ పనిలో ఉండేది కాబట్టి మందుకు నేరుగా దొరికిపోతుంది: సుమారు 12 వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతోంది. హెపటైటిస్ బి అలా కాదు. కాలేయ కణాల కేంద్రకంలో చిన్న డీఎన్‌ఏ వలయంగా ఉండిపోతుంది, ఇప్పటి మందులు దాని నకళ్లను ఆపగలవు గాని ఆ వలయాన్ని తుడిచెయ్యలేవు. పెద్దయ్యాక సోకితే నూటికి ఐదుగురిలో కూడా అది శాశ్వతంగా నిలవదు, పుట్టగానే తల్లి నుంచి సోకితే మాత్రం నూటికి 90 మంది పిల్లల్లో నిలిచిపోతుంది, ఎందుకంటే పసివాడి రోగనిరోధక వ్యవస్థకు దాన్ని ఎదిరించే సత్తా ఇంకా రాదు. కాబట్టి కాన్పు ఏ ఆసుపత్రిలో అనుకున్నా, బిడ్డకు 24 గంటల్లోపు హెపటైటిస్ బి మొదటి డోసు వేస్తారా లేదా అని ముందే అడిగి ఉంచు.

ఇట్లు,
నీ రామం