ఇంటి యాసకి బడి నిధులు వస్తాయా?

అందరికీ నమస్కారం. నల్లజాతి పిల్లల ఇంటి యాసని బడిలో వాడుకోవాలా అన్న ఓక్లాండ్ గొడవ సంగతి నిన్న సగంలో వదిలేశాను, ఇదిగో ఇప్పుడు చెబుతాను.

1996 డిసెంబరులో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ స్కూల్ బోర్డు, నల్లజాతి పిల్లలు ఇంట్లో మాట్లాడే ఇంగ్లీషు యాస ఎబోనిక్స్‌ని వాళ్ల భాషగా గుర్తిస్తూ తీర్మానం చేసింది. ఇంకేముంది, "బడిలో యాస నేర్పుతారట" అని దేశమంతా ఒకటే గోల! నిజానికి బోర్డు అనుకున్నది ఇంటిమాటని ఆసరా చేసుకుని ప్రామాణిక ఇంగ్లీషు నేర్పడం.

ఆ యాసకీ వ్యాకరణం ఉంది. "హి బి వర్కింగ్" అంటే ఇప్పుడు పని చేస్తున్నాడని కాదు, రోజూ చేస్తుంటాడని. టీచరుకి ఆ తేడా తెలియకపోతే ఊరికే ఎర్రసిరాతో కొట్టేస్తారు. టీచర్లుగా మనమూ ఎన్నిసార్లు అలా కొట్టేశామో!

అసలు చిక్కు డబ్బు దగ్గర. ద్విభాషా బోధనకిచ్చే ఫెడరల్ నిధులు ఎబోనిక్స్‌కి వర్తించవని అప్పటి విద్యామంత్రి రిచర్డ్ రైలీ తేల్చేశారు. వేరే భాష అంటే నిధులకి ఒక పద్దు ఉంటుంది, ఇంగ్లీషులోనే ఒక మాండలికం అంటే సున్నా. 1997 జనవరిలో అమెరికా భాషాశాస్త్రవేత్తల సంఘం బోర్డు పద్ధతిని సమర్థించింది. అదే నెలలో బోర్డు తన తీర్మానంలో మాటలు మార్చుకుంది.

మిషిగన్ రాష్ట్రంలోని యాన్ ఆర్బర్ ఊళ్లో నల్లజాతి పిల్లల ఇంటి యాస మీద వచ్చిన 1979 నాటి కోర్టు తీర్పు కూడా ఇలాంటిదే, దాని గురించి రేపు రాస్తాను.