మేడ మీది సౌర పలకలకు స్వీయ ధ్రువీకరణ వర్తింపజేయండి: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

సొంత ఇంటి మేడ మీద సౌర విద్యుత్ ఏర్పాటు చేసుకోబోయే మధ్యతరగతి కుటుంబాలు పురపాలక కార్యాలయంలో ఎదుర్కొంటున్న ఒక చిక్కును మీ దృష్టికి తేవడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ఇళ్ల మేడలపై సౌర పలకలకు కేంద్రం రాయితీ ఇచ్చే పథకం పీఎం సూర్యఘర్. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఈ పథకం కింద 3 కిలోవాట్ల ఏర్పాటుకు 78,000 రూపాయల రాయితీ లభిస్తుంది. అదే నెలలో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలను సవరించి, 10 కిలోవాట్ల వరకు వచ్చే దరఖాస్తులను సాంకేతిక పరిశీలన లేకుండానే ఆమోదించినట్లుగా భావించాలని, అందుకు తగ్గట్టు ఇంటికి మంజూరైన విద్యుత్ లోడు పెంచవలసి వస్తే ఆ పనిని విద్యుత్ పంపిణీ సంస్థే (డిస్కమే) చేయాలని నిర్దేశించింది. విద్యుత్ సంస్థ వైపు దారి ఆ మేరకు సుగమమైంది. ఇబ్బంది మేడ మీద నిలబెట్టే ఇనుప స్తంభాల దగ్గర వస్తోంది.

ఒక్కో కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. మూడు కిలోవాట్లంటే చిన్న మేడలో చాలా భాగం పోయినట్లే. బట్టలు ఆరేసుకోవాలన్నా, ఎండాకాలం వడియాలు పెట్టుకోవాలన్నా, నీళ్ల ట్యాంకు దగ్గరికి వెళ్లాలన్నా ఆ మేడే దిక్కు కాబట్టి, చాలామంది ఏడెనిమిది అడుగుల ఎత్తున స్టాండ్లు వేయించి వాటిపై పలకలు బిగించుకుంటారు. మేమూ అలాగే పని మొదలుపెట్టాం. స్తంభాలు నిలబెట్టిన మూడో రోజున పురపాలక సిబ్బంది వచ్చి, ఇది అనుమతి లేని అదనపు నిర్మాణమని పని ఆపించి, ఇంటి మంజూరు ప్లాను తెమ్మన్నారు. మా ఇల్లు కట్టినప్పుడు ఈ ప్రాంతం గ్రామపంచాయతీ. విలీనం తర్వాత ఆ పాత దస్త్రం పురపాలక కార్యాలయంలోనూ దొరకలేదు. వాళ్ల దగ్గరే లేని కాగితాన్ని నేను ఎక్కడి నుంచి తేవాలో ఎవరూ చెప్పలేదు. పనిని ఆపమనడానికైనా, సాగనివ్వడానికైనా స్పష్టమైన మార్గదర్శకం తమ దగ్గర లేదని వారే అంగీకరించారు గనుక, ఆ సిబ్బందిని నేను తప్పుపట్టడం లేదు. కానీ పలకలు బిగించి, మనం గ్రిడ్‌కు పంపే, గ్రిడ్ నుంచి వాడుకునే కరెంటును రెండింటినీ లెక్కించే నెట్ మీటరు పెట్టి, పరిశీలన పూర్తయితే తప్ప రాయితీ ఖాతాలో పడదు. బ్యాంకు వాయిదాలు మాత్రం అప్పటిదాకా ఆగవు.

మన రాష్ట్రం 2020లోనే ఇళ్ల నిర్మాణ అనుమతులను ఆన్‌లైన్‌లో ఇచ్చే టీఎస్‌ బీపాస్‌ చట్టం చేసి, 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు ఇల్లు కట్టుకునేవారికి స్వీయ ధ్రువీకరణతో, అంటే నిబంధనలు పాటిస్తానని యజమాని ఇచ్చే హామీ మీద, తక్షణ అనుమతి ఇచ్చింది. ఇల్లు మొత్తాన్నీ యజమాని మాట మీద నమ్మి కట్టుకోనిచ్చిన ప్రభుత్వం, అదే ఇంటిపై నాలుగు ఇనుప కాళ్ల మీద నిలిచే పలకల విషయంలో ఆ నమ్మకాన్ని ఎందుకు వెనక్కి తీసుకోవాలి?

కాబట్టి గోడలు లేకుండా, పలకలే కప్పుగా ఉండే సౌర స్టాండ్లను అదనపు అంతస్తుగా పరిగణించరాదని, మెట్ల గది, నీళ్ల ట్యాంకుల మాదిరిగానే వాటి ఎత్తునూ భవనం ఎత్తులో కలపరాదని స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. 10 కిలోవాట్ల లోపు ఏర్పాట్లకు అనుమతి బదులు ఆన్‌లైన్ నమోదు సరిపోవాలి. పాత పంచాయతీ ఇళ్లకు మంజూరు ప్లాను బదులు ఆస్తిపన్ను రసీదును అంగీకరించాలి.

భద్రతను పక్కన పెట్టమని నేను అడగడం లేదు. ఈదురుగాలికి ఊడిన పలక పక్కింటి మీద పడితే ప్రాణాలే పోవచ్చు. స్టాండు గాలి ఒత్తిడికి తట్టుకుంటుందని, పాత శ్లాబు ఆ బరువు మోయగలదని అర్హుడైన ఇంజనీరు సంతకం చేసిన ధ్రువపత్రం తప్పనిసరి చేయండి. పని పూర్తయ్యాక కొన్ని ఇళ్లను ఎంచుకుని తనిఖీ చేసి, అబద్ధపు ధ్రువపత్రం ఇచ్చిన వారిపై కఠిన చర్య తీసుకోండి. గోడలు లేపి గదిగా మార్చుకున్నవారిని ఏ మాత్రం ఉపేక్షించకండి. ఈ షరతులకు లోబడటానికి మేమంతా సిద్ధం.

అపార్ట్‌మెంట్లలో ఉమ్మడి మేడపై ఎవరికెంత హక్కన్నది వేరే పెద్ద ప్రశ్న. దానిని ఇందులో కలిపి ఈ చిన్న ఉత్తర్వును ఆలస్యం చేయవద్దని మనవి. వచ్చే మార్చికల్లా ఇది వెలువడితే, ఎండలు ముదిరేలోగా మాలాంటివారి మేడల మీద పలకలు పనిచేయడం మొదలవుతుంది.

భవదీయుడు,
ఒక గృహ యజమాని