మన పాలమూరుకూ జీతాలిచ్చే వాద్యబృందం కావాలి

ఎడిటర్ గారికి,

ముంబయిలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా అనే పాశ్చాత్య సంగీత వాద్యబృందం గురించి చదివినప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. మొదట్లో చాలామంది వాద్యకారులను విదేశాల నుంచి రప్పించుకున్నారు, తర్వాత అక్కడే పిల్లలకు సంగీతం నేర్పడం మొదలుపెట్టారు, 2019లో బ్రిటన్ వెళ్లి కచేరీలు చేసి వచ్చారు. అన్నేళ్లు ఓపిక పట్టి, డబ్బు పెడితేనే అది నిలబడింది.

మరి మన సంగతేంటి? పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో, బుర్రవీణ దాసరి కొండప్ప గారికి 2024లో పద్మశ్రీ వచ్చాయి, మనమంతా సంబరపడ్డాం. కానీ వాళ్ల దగ్గర నేర్చుకునే కుర్రాడికి నెల గడవాలి కదా. మా ఊళ్లో డోలు బాగా వాయించే అబ్బాయి పెళ్లిళ్ల సీజన్ అయిపోగానే హైదరాబాద్‌కు కూలికి పోతాడు, చేయి మొద్దుబారిపోతోందని వాడే చెప్తుంటే బాధేస్తుంది.

కిన్నెర, బుర్రవీణ, ఒగ్గుడోలు, డప్పు, వాటితో పాటు నాలుగు వయొలిన్లు. ఇరవై మందికి నెల జీతం, రోజూ రిహార్సల్‌కు మహబూబ్‌నగర్‌లో ఒక హాలు, అంతే. శ్రుతులు కలవవని కొందరంటారు, రోజూ కలిసి వాయిస్తేనే కదా తెలిసేది! ప్రభుత్వం వచ్చే బడ్జెట్‌లోనే దీనికి పైసలు కేటాయించాలి.

– ఒక పాఠకుడు, జడ్చర్ల