బీడీఎస్ ఆప్షన్ పెట్టే ముందు ఒక పూట క్లినిక్‌లో నిలబడండి

సంపాదకుల వారికి నమస్కారం.

నీట్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి మా క్లినిక్‌కి పంటి నొప్పి ఫోన్లతో సమానంగా సలహా ఫోన్లు కూడా వస్తాయి. "మావాడికి ఎంబీబీఎస్ వచ్చేలా లేదు డాక్టరమ్మా, పోనీ బీడీఎస్ వేయించమంటారా?" అని. ఏళ్ల తరబడి ఇదే ప్రశ్న, నేను తిరిగి అడిగేదీ ఒకటే. అబ్బాయి ఎప్పుడైనా పళ్ళ డాక్టర్ పక్కన నిలబడి ఒక్క పూటైనా పని చూశాడా అండీ? చూడటం దేనికి, చేరాక కాలేజీలో అన్నీ వాళ్ళే నేర్పుతారు కదా అంటారు.

నేర్పుతారు, కాదనను. ఎప్పుడు నేర్పుతారన్నదే సంగతి. బీడీఎస్ అంటే నాలుగేళ్ల చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, మైనపు దిమ్మ మీద పన్ను ఆకారం చెక్కడంతో గడిచిపోతుంది. రెండో ఏడాది ప్లాస్టర్, బొమ్మ దవడలు. పేషెంట్ నోట్లో పని మొదలయ్యేది మూడో ఏట. ఎదుటి మనిషి ఉమ్మి, చీము, నోటి వాసన తమవల్ల కాదని కొందరికి తెలిసేది అప్పుడే, అప్పటికి రెండేళ్ల ఫీజు కట్టేసి ఉంటారు, వెనక్కి వస్తే చుట్టాలేమంటారోనని మరో మూడేళ్లు లాగిస్తారు. ఈ బాధ అంతా కౌన్సెలింగ్‌కి ముందు నాలుగు రోజులు క్లినిక్‌లో నిలబడితే తప్పుతుందని నా వాదన.

అమెరికాలో ఇది మామూలే. అక్కడ చాలామంది డిగ్రీ చేసి, డ్యాట్ పరీక్ష రాసి డెంటల్ కాలేజీకి వెళ్తారు, దరఖాస్తులో ఎన్ని గంటలు డెంటిస్ట్ పక్కన ఉండి పని చూశారో కూడా రాస్తారు. షాడోయింగ్ అంటారు దాన్ని. కాలేజీని బట్టి మారుతుంది గానీ 100 గంటల మాట తరచూ వినిపిస్తుంది. మా అన్నయ్య కూతురు న్యూజెర్సీలో చదువుతోంది, సెలవులకు వచ్చి "అత్తా, నీ క్లినిక్‌లో నిలబడి చూస్తాను, ముందు ఏం చదువుకోవాలి?" అని ఒకటే టెన్షన్. ఏమీ చదవక్కర్లేదమ్మా, కడుపు నిండా టిఫిన్ తిని రా అన్నాను.

సరదాకి అన్న మాట కాదది. ఖాళీ కడుపుతో, మాస్కు పెట్టుకుని, కదలకుండా నిలబడి మొదటిసారి పన్ను పీకడం చూస్తే కళ్ళు తిరగొచ్చు. చెవుల్లో హోరు, చేతులు చల్లబడటం మొదలైతే మొహమాటపడకుండా కూర్చోవాలి, వీలైతే తల మోకాళ్ల మధ్యకి వంచుకోవాలి. హీరోలా నిలబడితే ట్రే మీద పడతారు, అప్పుడు మాకు ఇద్దరు పేషెంట్లు. మొదటిసారి తూలినంత మాత్రాన ఈ వృత్తికి పనికిరారని కాదు, రెండో రోజుకి చాలామందికి అలవాటైపోతుంది.

కాళ్లు పూర్తిగా మూసే బూట్లు వేసుకోండి, సూదులు, చిన్న చిన్న మొనలు కిందపడే చోటది. జుట్టు కట్టుకోండి, గోళ్లు తీసుకోండి, సెంటు వద్దు, మల్లెపూలు కూడా వద్దు, నోట్లో దూది పెట్టుకుని వాంతి ఆపుకుంటున్న మనిషికి ఏ వాసనా పడదు. మాస్కుతో పాటు కళ్లద్దాలూ ఉండాలి, ఎయిరోటర్ (పన్ను తొలిచే డ్రిల్లు) తిరిగితే నీటి తుంపర మీరనుకున్న దానికంటే దూరం వస్తుంది. నిజంగా ఈ చదువు వైపు మొగ్గు ఉంటే హెపటైటిస్-బి టీకా ఇప్పుడే మొదలుపెట్టండి. మొదటి డోసు వేయించుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది, అంటే ఎలాగూ టైం పడుతుంది.

ఫోన్ మాత్రం బ్యాగులోంచి తీయకండి. ఫొటో లేదు, స్టేటస్ లేదు, రీల్ అసలే లేదు. మాలాంటి చిన్న ఊళ్ళో కుర్చీలో పడుకున్నావిడ మీ పిన్నిగారి తోడికోడలు అయ్యుంటుంది. ఆవిడకి కట్టుడు పళ్ళున్నాయని సాయంత్రానికి వీధంతా తెలిసిందంటే పోయేది మీ పరువు కాదు, నా క్లినిక్ పరువు.

చదువుకుని రావాలనే పట్టుదల ఉంటే పళ్ళ నంబర్లు చూసుకుని రండి, చాలు. పేషెంట్ కుడి వైపు పై దవడ 1, ఎడమ పైన 2, ఎడమ కింద 3, కుడి కింద 4. మధ్య నుంచి లోపలికి ఒక్కో వైపు ఎనిమిది. మేం "త్రీ సిక్స్" అంటే ఎడమ కింది దవడలో ఆరో పన్ను. అదే పన్నుని అమెరికాలో 19 అంటారు, మా మేనకోడలు మొదట తికమకపడింది అక్కడే. ఇంకొకటి ఇంట్లోనే చేసి చూడొచ్చు. కాగితాన్ని అద్దం ముందు పెట్టి, చెయ్యి వైపు చూడకుండా అద్దంలోనే చూస్తూ ఒక నక్షత్రం గీయండి. పై దవడ పళ్ళకి మేం పొద్దస్తమానం చేసే పని అదే.

ఇక ఏం చూడాలి? పిల్లలంతా డ్రిల్లు వైపే చూస్తారు. నేనైతే పేషెంట్ మొహం చూడమంటాను. కింది దవడకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక కొన్ని నిమిషాలు ఆగాలి. ఆ కాసేపట్లో "పెదవి బూరెలా ఉబ్బిపోయింది డాక్టరమ్మా" అని కంగారుపడని మనిషి అరుదు. ఉబ్బలేదని ఎంత చెప్పినా నమ్మరు, చేతికి అద్దం ఇస్తే చూసుకుని, వేలితో పెదవి నొక్కుకుని, అప్పుడు నవ్వుతారు. ఆ నవ్వు వచ్చాకే నేను పని మొదలుపెడతాను. అలాగే రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయాలని చెప్పి ఖర్చు చెప్పినప్పుడు మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, ఆ తర్వాత "పీకేయండమ్మా" అంటారు. బాగుపడే పన్నే అని తెలిసీ పీకాల్సి రావడం, పై పన్ను పీకితే కళ్ళు పోతాయన్న భయానికి ఓపిగ్గా సమాధానం చెప్పడం, ఇవీ నా ఉద్యోగమే. వీటి గురించి ఏ కోచింగ్ సెంటరూ చెప్పదు.

ప్రాంతాన్ని బట్టి చూసేదీ మారుతుంది. మా శ్రీకాకుళం వైపు అడ్డపొగ తాగే ముసలమ్మలు ఇంకా వస్తారు, చుట్ట వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని తాగీ తాగీ అంగిలి తెల్లగా మందమై, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు పడి ఉంటుంది. పన్ను కదులుతోందని వచ్చిన మనిషికి అంగిలి పరీక్ష చేయించుకోమని చెప్పాలి, భయపెట్టకుండా చెప్పాలి. నల్లగొండలోనో, కనిగిరి వైపో నిలబడితే ఫ్లోరైడ్ నీళ్లకి గోధుమ రంగు తేలిన పళ్ళు వరసగా కనిపిస్తాయి. అలాంటప్పుడు "అమ్మో" అనకండి. మాస్కు ఉన్నా కనుబొమలు దాగవు, కుర్చీలో పడుకున్న మనిషి పైకి చూస్తూ మన కళ్ళే చదువుతుంటాడు. సందేహాలు చిన్న పుస్తకంలో రాసుకుని, పేషెంట్ వెళ్ళాక అడగండి. వెనక గదిలో పరికరాలు కడిగి ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రంలో, పెట్టే అమ్మాయి దగ్గర కూడా కాసేపు నిలబడండి. సాయంత్రం మా మెడలు, నడుములు ఎలా ఉంటాయో కూడా గమనించండి.

ఇలా పిల్లలు పక్కన నిలబడితే పేషెంట్లు ఒప్పుకోరని మా తోటి డాక్టర్లు కొందరు అంటున్నారు. అడిగి చూడండి సార్. "ఈ పాప డాక్టర్ అవుదామనుకుంటోంది, పక్కన నిలబడి చూస్తుంది, ఏదీ ముట్టుకోదు, మీకేమైనా ఇబ్బందా?" అంటే మా దగ్గర ఎక్కువమంది సరేనంటారు, కొందరైతే బాగా చదువుకో తల్లీ అని కూడా అంటారు. వద్దన్నారా, కారణం అడక్కుండా ఆ అమ్మాయిని బయట కూర్చోబెట్టడమే.

ఏటా నీట్ ఫలితాలు రాగానే మీ పత్రికలో కటాఫ్ ర్యాంకులు, కాలేజీల పట్టికలు పేజీలకు పేజీలు వేస్తారు. ఈసారి వాటి పక్కన ఈ విషయానికీ కాస్త చోటివ్వండి. ఫలితాలకీ కౌన్సెలింగ్‌కీ మధ్య దొరికే రోజుల్లో పిల్లలు తమ ఊళ్ళోని పళ్ళ డాక్టర్‌ని అడిగి, అమ్మానాన్నల్ని వెంట తీసుకెళ్లకుండా, ఒక్కరే వెళ్లి చూసి రావచ్చు.

ఇట్లు,
ఒక పళ్ళ డాక్టర్, శ్రీకాకుళం జిల్లా