చెట్ల పేర్లు రాని ల్యాండ్‌స్కేప్ చదువు

సంపాదకుడికి,

విశాఖ బీచ్ రోడ్డు రూపురేఖలు మార్చేస్తామంటూ ఆర్కిటెక్చర్ విద్యార్థులు పెట్టిన ప్రదర్శన గురించి పోయిన వారం మీ జిల్లా పేజీలో రంగుల బొమ్మలతో వేశారు. దాని కిందే, ఏడాకుల పాల పూల వాసన భరించలేక కాలనీలవాళ్లు ఆ చెట్లు కొట్టించమని అర్జీలు పెడుతున్నారన్న చిన్న వార్త. రెండింటినీ ఒకే పేజీలో సర్దినవారెవరో గానీ, వారికో దండం.

ప్రదర్శనకు నేనూ వెళ్లాను. బొమ్మలు బాగున్నాయి, కాదనను. ఇసుకను ఆనుకుని పచ్చిక, మధ్యలో ఫౌంటెన్, వరసగా పచ్చటి గుండ్రాలు. ఈ గుండ్రాలు ఏ చెట్లు బాబూ అని అడిగితే "షేడ్ ట్రీస్ అంకుల్" అన్నాడో కుర్రాడు. పేరు చెప్పమంటే పక్కనున్న అమ్మాయి ల్యాప్‌టాప్‌లో వెతికి మేపుల్ అంది. విశాఖ తీరంలో చలిదేశాల మేపుల్! మరో డ్రాయింగులో మురుగు పారే గెడ్డకు నీలం రంగు పూసి "వాటర్ ఫీచర్" అని రాశారు. దాని ఒడ్డునే కాఫీ షాపు కూడా పెట్టారు.

పిల్లల్ని అనేదేం లేదు. ఐదేళ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీ బీఆర్క్‌లో ల్యాండ్‌స్కేప్‌కి, అంటే చెట్లూ ఆరుబయలూ తీర్చిదిద్దే చదువుకి, దక్కేది ఒకటో రెండో పేపర్లు. అవి చెప్పే మాస్టార్లలో గునపం పట్టి గుంత తీసినవాళ్లు ఎందరు? ఉప్పుగాలికి పొన్న, సరుగుడు, మొగలి తట్టుకుంటాయని, ఆ పచ్చిక బతకాలంటే ఎండాకాలంలో ఊరి తాగునీళ్లు దానికే పొయ్యాలని ఎవరు చెప్పాలి? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి పోయాక ఏ చెట్టు వేళ్లతో సహా లేచిపోయింది, ఏది కొమ్మలు విరిగినా మళ్లీ చిగిర్చింది, మొదలు చుట్టూ సిమెంటు పోసినచోట ఎన్ని కూలాయి అని నోటు పుస్తకం ఇచ్చి వీధుల్లోకి పంపిన కాలేజీ ఉందా? ఉంటే ఆ లెక్కలు బయటపెట్టండి, సంతోషిస్తాం.

ఇక అధికారులు. తుపాను తర్వాత ఊరు త్వరగా పచ్చబడాలని ఏడాకుల పాల తెచ్చి వీధివీధినా నాటారు. త్వరగా పెరుగుతుంది, పాలు కారే చేదు ఆకు కాబట్టి పశువులు ముట్టవు, కాపలా ఖర్చు ఉండదు. అక్టోబరు వచ్చేసరికి ఒక్కుమ్మడిగా పూస్తే ఏమవుతుందని అడిగేవాళ్లు లేకపోయారు. అడవిలో అక్కడొకటి ఇక్కడొకటి ఉండే చెట్టును కిటికీల పక్కన బారులు తీర్చి ఇప్పుడు చెట్టును తిడుతున్నాం. కోనోకార్పస్ అనే మొక్కదీ ఇదే వరస. తెలంగాణలో హరితహారం కింద ఎడాపెడా నాటి, తర్వాత ఇక నాటొద్దన్నారు.

చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు ఉండకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఢిల్లీ అధికారులకు చెప్పింది. మన ఫుట్‌పాత్‌ల మీద టైల్సు మానుకు కరుచుకుని ఉంటాయి. పైగా ఆ మానుకే మేకులు కొట్టి సీరియల్ లైట్లు. పార్కులంటే రబ్బరు ట్రాకు, ఓపెన్ జిమ్, ప్లాస్టిక్ జిరాఫీ, ఊరి పేరు పక్కన ఎర్రటి గుండె బొమ్మ. నీడ మాత్రం అడక్కండి.

స్టడీ టూరుకు పిల్లల్ని సింగపూర్ తీసుకెళ్లారని ఓ తండ్రి గొప్పగా చెప్పాడు. మంచిదే. రైలెక్కితే మూడు నాలుగు గంటల్లో కడియం నర్సరీలున్నాయి. అక్కడ అంటు కట్టే మనిషి దగ్గర రెండు నెలలు కూర్చుంటే ఏ మొక్కకి ఎంత వేరు, ఎంత నీరు, ఎంత నీడ అన్నది చేతికి వస్తుంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. వాన నీరు నేలను ఎలా కోస్తుందో చూపించడానికి టికెట్టు కూడా అక్కర్లేదు.

కాలేజీలకు నాదొక సలహా. మొదటి సంవత్సరంలో ప్రతి విద్యార్థి చేతా ఓ మొక్క నాటించి, ఐదో ఏడు అది బతికుంటేనే ల్యాండ్‌స్కేప్ మార్కులు వెయ్యండి. డ్రాయింగులకు మార్కులు వేసే జ్యూరీలో ఓ నర్సరీ రైతును కూర్చోబెట్టండి. ఆ రూలే మొక్కల టెండర్లకూ పెడితే బిల్లులు ఎందరికి పాసవుతాయో చూద్దాం.

ఇట్లు
ఓ పాఠకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం