వెనక సీట్లోనూ బెల్టు: మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2025

గౌరవ సభ్యులకు, అధ్యక్షులవారికి, కాలనీ పెద్దలకు నమస్కారం.

సర్వసభ్య సమావేశం ముందు కార్యదర్శి ఏడాది పనుల నివేదిక ఉంచడం మన నిబంధన. ఎప్పటిలాగే ఈ ఏడాదీ వీధి దీపాలు మార్పించాం, బోరు మోటారు బాగు చేయించాం, పార్కులో నడకబాట వేయించాం. వినాయక చవితి, బతుకమ్మ, కార్తీక వనభోజనాలు జరిగాయి. వాటి గురించి అందరికీ తెలుసు కాబట్టి ఇక్కడితో ఆపుతున్నాను. ఈ ఏడాది సంఘం నిజంగా కష్టపడింది ఒక్క విషయంలోనే: రోడ్డు ప్రమాదంలో ఇద్దరిని పోగొట్టుకున్న కుటుంబానికి తోడుండటం, కార్లలో వెనక సీటు బెల్టు అలవాటు చేయించడం. ఆ పని చేసినవాళ్లకు పేరు రావాలి, చేయాల్సింది ఇంకా ఎంత మిగిలిందో మీకు తెలియాలి. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

2025 సంక్రాంతికి ఊరెళ్లి తిరిగి వస్తున్న మూడో వీధి కుటుంబం కారు, విజయవాడ హైవే మీద రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్దింది. అప్పటికింకా తెల్లవారలేదు. లారీకి వెనక లైటు లేదు, రిఫ్లెక్టర్ స్టిక్కరు లేదు. ముందు సీట్లలో ఉన్న భార్యాభర్తలు బెల్టు పెట్టుకున్నారు, గాయాలతో బయటపడ్డారు. వెనక కూర్చున్న పెద్దావిడ, ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతున్న మనవడు చనిపోయారు. వెనక సీటుకి బెల్టులు ఉన్నాయి. కొత్త సీటు కవర్లు వేయించినప్పుడు వాటి లాకులు కవరు కిందకి వెళ్లిపోయాయి. మన కాలనీలో చాలా కార్లలో పరిస్థితి అదేనని తర్వాత చూశాం. ఇంటర్ చదివే వాళ్ల అమ్మాయి పరీక్షలున్నాయని ఊరికి వెళ్లకుండా ఇక్కడే ఉండిపోయింది. ఈ వివరాలన్నీ ఆ కుటుంబం చదివి, రాయమన్న తర్వాతే రాస్తున్నాను.

ముందుగా ఒక చేదు మాట చెప్పాలి. ప్రమాదం జరిగిన రోజు ఉదయమే నుజ్జయిన కారు వీడియో మన కాలనీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసింది. ఆ అమ్మాయికి అన్నయ్య లేడన్న సంగతి ఇంట్లోవాళ్లు చెప్పకముందే ఫోనులో తెలిసింది. ఎవరు పంపారో ఇక్కడ రాయడం లేదు, వాళ్లకే తెలుసు. ఇకమీదట ప్రమాదం ఫొటోలు, వీడియోలు గ్రూపులో పెట్టినవారిని వెంటనే గ్రూపునుంచి తీసేయాలని కార్యవర్గం తీర్మానించింది. దీన్ని ఈరోజు సభ ఆమోదించాలి.

పెద్దకర్మ దాకా ఆ ఇంటికి మనుషుల కొరత లేదు. చుట్టాలు, ఆఫీసువాళ్లు, ఊరివాళ్లు అందరూ వచ్చారు. పన్నెండో రోజు నుంచి ఇల్లు ఖాళీ అయిపోయింది. అసలు అవసరం అప్పుడే మొదలైంది. ఆ ఇంటావిడకి కుడి చెయ్యి విరిగి కట్టు ఉంది, ఆయనకి పక్కటెముకలు విరిగాయి, వంట చేసేవాళ్లు లేరు. నాలుగో వీధి మహిళలు వంతులు వేసుకుని ఉగాది దాకా రెండు పూటలా క్యారేజీ పంపారు. ఎవరి వంతు ఎప్పుడో కాగితం మీద రాసి, ఒక్క పూట కూడా తప్పకుండా చూసినవారు మన మహిళా విభాగం కన్వీనరుగారు. సంఘం తరఫున వారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అమ్మాయిని పరీక్ష సెంటరుకి తీసుకెళ్లి తీసుకొచ్చిన మొదటి వీధి రిటైర్డ్ మాస్టారుగారికి కూడా.

కాగితాల పని ఎంత ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఎఫ్‌ఐఆర్ నకలు, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, లారీ బీమా వివరాలు అన్నీ సేకరించాలి. ఇలాంటి సమయంలో ఆ ఇంటివాళ్లకి సంతకం ఎక్కడ పెట్టాలో కూడా కనబడదు. మన న్యాయ సలహాదారుగారు ఒక్క రూపాయి తీసుకోకుండా అన్నీ దగ్గరుండి చూశారు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పరిహారం కేసు వేయడానికి చట్టంలో ఆరు నెలల గడువు పెట్టారు. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ఇది. ముందు ఏడుపు తగ్గనీ, తర్వాత చూద్దాం అనుకుంటే ఆ గడువు ఇట్టే దాటిపోతుంది. గడువులోపే కేసు వేయించారు, విచారణ నడుస్తోంది. ఇలాంటి కేసుల్లో మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100 నంబరుకి ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. గుద్దిన బండి ఏదో తెలియని కేసుల్లో కూడా మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి. బండి యజమాని సొంతంగా నడుపుతూ చనిపోతే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. ప్రీమియం తగ్గుతుందని దాన్ని తీసేయించుకోకండి. ఆసుపత్రి బిల్లు విషయానికొస్తే, 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకి ప్రమాదం జరిగిన రోజునుంచి ఏడు రోజుల దాకా, లక్షన్నర వరకు నగదు లేకుండా చికిత్స చేయాలి. మన కుటుంబానికి అది అందలేదు, ప్రమాదం జనవరిలో జరిగింది కాబట్టి.

ఆ ఇంటాయన విషయంలో మాత్రం కాగితాలతో అయ్యే పని కాదు. ఆయన నెలల తరబడి గేటు దాటి బయటికి రాలేదు. ఎవరైనా పలకరిస్తే "నడిపింది నేను కదండీ" అని ఒక్కటే మాట. రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు, బ్రేకు చప్పుడు వింటే ఒళ్లంతా చెమటలు. వచ్చినవాళ్లు ఓదార్చడం పోయి "ఎంత స్పీడులో ఉన్నారు? నిద్ర వచ్చిందా?" అని ఆరా తీసేవారు. మరికొందరు "రాసిపెట్టి ఉంది బాబూ, ఎవరాపగలరు" అనేవారు. మంచి మనసుతోనే అన్నారు, కాదనను. కానీ కొడుకుని పోగొట్టుకున్న తల్లితండ్రులకి ఆ మాట వల్ల ఏ ఊరటా కలగలేదని ఆవిడే నాతో చెప్పారు. అబ్బాయి పేరెత్తి, వాడు పార్కులో క్రికెట్ ఆడిన సంగతులు, చవితికి మండపం కట్టిన సంగతులు మాట్లాడినవాళ్లు వస్తేనే కాస్త ప్రాణం కుదుటపడేదట.

మార్చిలో ప్రభుత్వ ఆసుపత్రినుంచి ఒక సైకాలజిస్టుగారిని మన కమ్యూనిటీ హాలుకి పిలిచాం. ప్రమాదం జరిగిన మొదటి వారాల్లో నిద్ర పట్టకపోవడం, అదే దృశ్యం మళ్లీ మళ్లీ కళ్ల ముందుకు రావడం, కారెక్కాలంటే భయం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం చాలామందిలో ఉంటాయని, నెల దాటినా తగ్గకపోతే డాక్టరుకి చూపించాల్సిందేనని ఆమె చెప్పారు. నడిపినవాళ్లకి, బతికి బయటపడ్డవాళ్లకి "నేనెందుకు మిగిలాను" అనే బాధ ఇంకా ఎక్కువ ఉంటుందన్నారు. పిల్లలు ఏడవకుండా మామూలుగా తిరుగుతుంటే దుఃఖం లేదనుకోవద్దని కూడా చెప్పారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ (మానసిక ఆరోగ్య సహాయం) నంబరు 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రైనా పగలైనా చేయవచ్చు. నోటీసు బోర్డులో పెద్ద అక్షరాలతో రాయించాం.

హైదరాబాదులో మానసిక ఆసుపత్రి ఉన్న ఎర్రగడ్డ అన్న మాటని ఎగతాళికి వాడే అలవాటు మనందరికీ ఉంది. ఆ అలవాటు వల్లే ఆయన చికిత్సకి ఒప్పుకోవడానికి అన్ని నెలలు పట్టింది. ఇప్పుడు వైద్యం నడుస్తోంది, ఉద్యోగానికి వెళుతున్నారు. ఈ సంగతి కూడా రాయమని ఆయనే అన్నారు. సంఘం ఈ ఏడాది విన్న అన్ని మాటల్లోకీ ధైర్యమైన మాట అదేనని నా అభిప్రాయం.

ఇక బెల్టు గురించి. వెనక సీట్లో ఉన్నవాళ్లకి అవసరం లేదన్న నమ్మకం చదువుకున్న ఇళ్లలో కూడా బలంగా ఉంది. గంటకి 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 22 మీటర్లు. బండి ఒక్కసారిగా ఆగినా లోపలి మనిషి ఆగడు, అదే వేగంతో ముందుకి పోతాడు. బెల్టు లేని వెనక మనిషి ముందు సీటుకి గుద్దుకుంటాడు, ముందున్నవాళ్లకీ ప్రమాదమే. ఎయిర్‌బ్యాగు ఉంది కదా అంటారు. అది బెల్టుకి తోడుగా పనిచేసేందుకు తయారైంది, బెల్టు లేనివాళ్లు దాని మీదకి వేగంగా పడితే దానివల్లే దెబ్బ తగలొచ్చు.

2018 ఆగస్టు 29న నందమూరి హరికృష్ణగారు నల్గొండ జిల్లా అన్నేపర్తి దగ్గర కారు ప్రమాదంలో పోయారు. స్వయంగా ఆయనే నడుపుతున్నారు, బెల్టు లేదని, కారులోంచి బయటికి విసిరినట్టు పడ్డారని అప్పుడు పేపర్లన్నీ రాశాయి. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్ర పాల్‌ఘర్ దగ్గర టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ కారు వంతెన గోడకి గుద్దుకుంది. ముందున్న ఇద్దరూ బతికారు, వెనక బెల్టు లేకుండా కూర్చున్న ఆయన, మరొకరు చనిపోయారు. అంత ఖరీదైన కారు కూడా వెనకవాళ్లని కాపాడలేదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాద మృతులు 1,68,491 మంది. బెల్టు పెట్టుకోకుండా పోయినవారు 16,715. అందులో డ్రైవర్లు 8,384 మంది, పక్కన, వెనక కూర్చున్న ప్రయాణికులు 8,331 మంది. అంటే దాదాపు సగం మంది స్టీరింగు పట్టుకోనివాళ్లే. చట్టం కూడా వెనక సీటుని వదలలేదు. 2019 సవరణ తర్వాత బెల్టు లేకపోతే జరిమానా వెయ్యి రూపాయలు, 14 ఏళ్లలోపు పిల్లలకి బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోయినా అంతే.

మేలో ఒక ఆదివారం మన గేటు బయట సీటు కవర్ల షాపు కుర్రాళ్లు వచ్చి, కార్లన్నీ వరుసగా పెట్టించి, కవరు కోసి వెనక లాకులు పైకి తీసిపెట్టారు. డబ్బులు వద్దన్నారు, టిఫిను మాత్రం తిన్నారు. వారికి సంఘం శాలువాలు కప్పాలని నా ప్రతిపాదన. బెల్టు పెట్టకపోయినా అలారం మోగకుండా లాకులో గుచ్చే క్లిప్పులు కూడా ఆ రోజు కొన్ని దొరికాయి. వాటి అమ్మకం ఆపమని 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ కంపెనీలకి ఆదేశాలిచ్చింది. దొరికినవన్నీ ఆ కార్లవాళ్ల ముందే విరిచి డస్ట్‌బిన్‌లో వేశాం.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది నవంబరు 16వ తేదీ. నవంబరు మూడో ఆదివారాన్ని రోడ్డు ప్రమాద మృతుల స్మృతి దినంగా పాటించాలని ఐక్యరాజ్యసమితి 2005లోనే చెప్పింది. మన చుట్టుపక్కల కాలనీల్లో ఎవరూ చేసినట్టు నేను వినలేదు. ఆ సాయంత్రం కమ్యూనిటీ హాలు నిండిపోయి మెట్ల మీద కూడా కూర్చున్నారు. ఎన్నో ఏళ్ల క్రితం బైకు ప్రమాదంలో భర్తని పోగొట్టుకున్న రెండో వీధి ఆవిడ మొదటిసారి అందరి ముందు మాట్లాడారు. మూడో వీధి అమ్మాయి కాగితం చూడకుండా మాట్లాడింది. అన్నయ్యకి నచ్చే పాటల గురించి, నానమ్మ చేసే అరిసెల గురించి చెప్పి, చివర్లో "నాన్నతో ఎవరూ ఆ రాత్రి గురించి అడగకండి అంకుల్, వేరే ఏమైనా మాట్లాడండి" అంది. కోశాధికారిగారు కళ్లు తుడుచుకోవడం చూశాను, ఇరవై ఏళ్ల పరిచయంలో అదే మొదటిసారి. హాలుకి మైకు సెట్టు, కుర్చీలు, దీపాలు ఉచితంగా ఇచ్చిన టెంటుహౌసువారికి, టీ ఇచ్చిన మూలమలుపు హోటలువారికి, పూలు తెచ్చిన ఆరో వీధి యువకులకి, వాలంటీర్లుగా నిలబడ్డ హైస్కూలు పిల్లలకి ధన్యవాదాలు.

2026 సంక్రాంతికి భోగి ముందు రోజుల్లో ఆ పిల్లలే గేటు దగ్గర నిలబడి, ఊరెళ్లే ప్రతి కారులోకి తొంగిచూసి "వెనక బెల్టు పెట్టుకున్నారా తాతయ్యా, అమ్మమ్మా" అని అడిగారు. ఊపిరాడదని, చీర నలుగుతుందని పెద్దవాళ్లు అన్నారు. బెల్టు నడుము ఎముక మీదుగా, భుజం మీదుగా ఎలా వేసుకోవాలో పిల్లలే చూపించారు. గర్భిణులైతే కింది బెల్టు పొట్ట కిందుగా రావాలని కూడా నేర్చుకుని మరీ చెప్పారు. పోలీసు ఫైను భయం చేయలేని పని ఒక ఆరో తరగతి పిల్ల అడిగితే జరిగింది.

పెద్దవాళ్ల సంగతి రాయాలంటే బాధగా ఉంది. గేటు డ్యూటీకి పేర్లిచ్చినవారిలో సగం మంది రాలేదు, ఫోనూ ఎత్తలేదు. కార్యవర్గ సమావేశాలకి ఒక్కసారీ రాని సభ్యులున్నారు. బెల్టు కార్యక్రమం ఫొటోల్లో మాత్రం ముందు వరసలో ఉన్నారు. రానివారు పదవి ఖాళీ చేస్తే వచ్చేవాళ్లకి అవకాశం ఉంటుంది. హైవే మీద ఆగిన లారీలకి రిఫ్లెక్టర్లు, లారీలు ఆపుకోవడానికి విడి స్థలం, ప్రమాదం జరిగిన చోట లైట్లు కోరుతూ సంబంధిత కార్యాలయానికి సంఘం లెటర్‌హెడ్ మీద రాశాం, స్వయంగా వెళ్లి ఇచ్చాం. రసీదు ముద్ర వేశారు, అంతే. అధికారి మారారన్నారు, ఫైలు పైకి వెళ్లిందన్నారు. ఇప్పటికీ ఆ చోట చీకటే. ఈసారి ఒక్క కార్యదర్శి కాకుండా కాలనీ అంతా కలిసి వెళితేనే కదులుతుందని నా నమ్మకం.

జమాఖర్చులు ఆడిటరుగారు చూసి సంతకం చేశారు, ప్రతి నోటీసు బోర్డు దగ్గరా అతికించాం. కుటుంబ సహాయానికి వసూలైన మొత్తం సంఘం ఖాతాలో కలపలేదు, రసీదులతో సహా నేరుగా వారికే అందజేశాం. మెయింటెనెన్సు బకాయిలున్నవారు ఈ నెలలోగా కట్టాలి.

సభ ముందు మూడు తీర్మానాలు పెడుతున్నాను. ప్రమాద వీడియోల నిషేధం మొదటిది. కాలనీలో మరణం జరిగిన ఇంటికి మూడు నెలల పాటు భోజనం, కాగితాల పని చూసే స్థాయీ కమిటీ రెండోది, దానికి పేర్లు ఈరోజే ఇవ్వాలి. మూడోది, మన స్కూలు వ్యాన్లలో, సంఘం తరఫున మాట్లాడే ట్యాక్సీల్లో వెనక బెల్టులు పనిచేస్తేనే కిరాయికి తీసుకోవాలి. 2026 నవంబరు 15న వచ్చే స్మృతి దినానికి హాలు ముందే బుక్ చేయాల్సి ఉంది, దానికి అనుమతి కూడా ఈ సభలోనే ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి