మామా, ఆ ఇంటర్వ్యూలు చాట్‌జీపీటీకి ఇవ్వకు

ఒరేయ్ మామా,

నీ మెసేజ్ చూశాను. ఫోన్లో తేలే సంగతి కాదని తీరిగ్గా రాస్తున్నా. ఆశ్రమ పాఠశాల పిల్లల ఇంటర్వ్యూలన్నీ చాట్‌జీపీటీలో వేసి, థీమ్‌లు తీయించి, నెలాఖరుకల్లా నీ థీసిస్ నాలుగో చాప్టర్ గైడ్ చేతిలో పెట్టేస్తానన్నావు. ఆగరా బాబూ.

ముందు ఆ తల్లిదండ్రులతో సంతకాలు, వేలిముద్రలు వేయించుకున్న కాగితం తీసి చూడు. నువ్వూ మీ గైడూ తప్ప ఎవరూ చూడరనే కదా అందులో రాశావు? మామూలు ఖాతాలో మనం పెట్టింది, సెట్టింగ్స్‌లో ఆపకపోతే, మోడల్ శిక్షణకి కూడా పోవచ్చు. పేర్లు తీసేస్తానంటావు. ఊరు, తరగతి, వాళ్ల నాన్న చేసే పని ఉంటే చాలు, ఆ మండలంలో ఎవరైనా ఇట్టే పట్టేస్తారు. మన దేశపు 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో పరిశోధనకి కొన్ని మినహాయింపులు ఉన్నాయిలే. నువ్వు ఆ తల్లికిచ్చిన మాటకి మాత్రం లేవు.

దానికన్నా పెద్ద గొడవ ఇంకోటుంది. పేరు చెప్పకుండా ఒక ఎనిమిదో తరగతి పిల్లాడి సంగతి చెప్పావే. 'మా లెక్కల సారు చాలా మంచోడు సార్, ఏమీ అనడు' అన్నాడు, వెనకాల మిగతావాళ్లు కిసుక్కున నవ్వారు. టైపు చేసిన కాగితంలో ఆ నవ్వు ఉండదు. యంత్రం దాన్ని 'ఉపాధ్యాయుడితో సత్సంబంధాలు' కింద వేసి చక్కటి పేరా రాసిచ్చేస్తుంది. సారు అసలు క్లాసుకే రాడని అక్కడ కూర్చున్న నీకు తెలుసు. నీ థీసిస్ అంతా ఆ నవ్వులోనే ఉందిరా!

అలాగని ముట్టుకోవద్దనను. ఇంగ్లీషు పేరా దిద్దించుకో, ఎస్‌పీఎస్‌ఎస్ (గణాంకాల సాఫ్ట్‌వేర్) టేబుల్ అర్థం కాకపోతే అడుగు. రిఫరెన్సులు మాత్రం అడగకు. లేని పుస్తకానికి ఉన్న రచయితని తగిలించి, పేజీ నంబరుతో సహా ఇచ్చేస్తుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు ఇలాగే లేని తీర్పుల్ని కోర్టుకి చూపిస్తే 5,000 డాలర్ల జరిమానా పడింది. మన వైవాలో బయట్నుంచి వచ్చే ఎగ్జామినర్ అంత తేలిగ్గా వదలడు.

రాసింది యంత్రమా మనిషా అని శాతాల్లో చెప్పే డిటెక్టర్ గురించి టెన్షన్ అన్నావు కదా, ఆ శాతాల్ని నేనూ నమ్మను. స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2023లో పరీక్షిస్తే, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్షకి సొంతంగా రాసుకున్న వ్యాసాల్లో సగానికి పైగా యంత్రం రాసినవేనని తేల్చాయి ఆ డిటెక్టర్లు. ఓపెన్‌ఏఐ అయితే తన డిటెక్టర్‌ని తనే ఆ జులైలో తీసేసింది. అందుకే డ్రాఫ్టులన్నీ తారీఖులతో దాచుకో. ఎక్కడ, దేనికి వాడావో మెథడాలజీ చాప్టర్‌లో రెండు లైన్లు రాసెయ్, దాచడానికేముంది?

దసరా సెలవుల్లో ఇంటర్వ్యూలు పట్టుకుని మా ఇంటికి వచ్చెయ్. నాకు చూపించకు, ఆ కాగితం ప్రకారం నేనూ బయటివాణ్ణే. ఏ మాట ఏ థీమ్ కిందికొస్తుందో నువ్వు గుర్తులు పెట్టుకుంటూ కోడింగ్ చేసుకుంటుంటే నేను పక్కన కూర్చుని పేపర్లు దిద్దుకుంటా. గైడ్‌ని ఇంకో నెల గడువు అడుగు, కోప్పడితే పడనీ.

ఇట్లు,
నీ మామ